ఇనప తెప్ప

రేవుపేట, భోగాపురం దగ్గర
2015 నవంబరు

తమ్ముడు నగరేశ్వరరావుకి,

నేను గోవింద్ అక్కని, అనూరాధని. వాడి శవపెట్టెతో పాటు మిలట్రీ బండిలో మా రేవుకి వచ్చి, మా అమ్మ చేతులు పట్టుకుని కూర్చున్నది నువ్వే కదా. రాజాంలో మీ హార్డ్‌వేరు కొట్టు అడ్రసు అప్పుడే అడిగి రాసుకున్నాను. రెండేళ్ళు దాటిపోయింది. ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా అని మూతి ముడవకు. నువ్వు మాత్రం మమ్మల్ని తలుచుకుని ఏం వెలగబెట్టావు?

ఫోన్ చేస్తే సరిపోయేది. కానీ ఇంట్లో ఫోను మోగిందంటే అమ్మ స్పీకర్ పెట్టమంటుంది. ఇది అమ్మ వినకూడని సంగతి. నేను ఇక్కడే అంగన్‌వాడీ టీచర్ని, జవాబు సెంటరు అడ్రసుకే రాయి.

నాన్న కూర్మయ్య మా చిన్నప్పుడే సముద్రంలో పోయాడు. అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి మా ఇద్దర్నీ పెంచింది. గోవింద్ పోయాక ఆ గంప ముట్టుకోలేదు. మిట్టమధ్యాహ్నం ఊరంతా తిని కునుకు తీసే వేళ, ఒక్కతే పోయి నడుము లోతు నీళ్ళలో నిలబడుతుంది. ఎవరో చూసి కేకేస్తారు, నేను పరిగెత్తుకుపోయి రెక్క పట్టుకుని లాక్కొస్తాను. "ఏటే అమ్మా ఇది" అంటే, "ఒడ్డున నిల్సుంటే ఆడి మాట ఇనిపించట్నేదే" అంటుంది. ఏదో ఒక రోజు అల లాక్కుపోతుంది తమ్ముడూ. నాకు మిగిలింది ఆ మనిషి ఒక్కతే. రోజూ పిల్లలకి గుడ్లు పంచుతుంటే నా చెవులు ఒడ్డు మీదే ఉంటాయి.

మొన్న గట్టిగా అడిగాను, ఏం చేస్తే మానేస్తావు అని. "ఆడు ఎక్కిన ఆ బండి ఎలగుంటాదో ఓపాలి సూడాల. జానెడు బొమ్మయినా సాలు. అది ఇంటికొస్తే మరి నీల్లలోకి దిగను, పైడితల్లి మీద ఒట్టు" అంది.

నువ్వు బ్యారక్‌లో అగ్గిపెట్టెలతో ట్యాంకులు చేసేవాడివని, మీ గదికి 'సావుకారు ఫ్యాక్టరీ' అని పేరు పెట్టామని గోవింద్ చెప్పి నవ్వేవాడు. చేసి పెడతావా? లేదనకు. అంటే నేనే బస్సెక్కి వచ్చి మీ కొట్టు ముందు కూర్చుంటాను.

అనూరాధ

*

రాజాం
2015 డిసెంబరు

అక్కా,

మీరు కొట్టు ముందు కూర్చుంటే మా నాన్న మీకు కూడా సున్నం బస్తా అమ్మేస్తాడు, అందుకని ముందే ఒప్పేసుకుంటున్నాను.

నేను మిలట్రీ వదిలేశాను. నాన్నకి పక్షవాతం వచ్చింది, కొట్టు చూసే దిక్కు లేదని డిశ్చార్జి అడిగితే ఇచ్చారు. కోమటి పిల్లాడికి తుపాకీ ఎందుకురా అని వెళ్ళినప్పుడు నవ్విన బజారే, వచ్చాక కూడా నవ్వింది. అలవాటైపోయింది.

ఆ బండి సంగతి చెబుతాను. మీరంతా ట్యాంకు అనుకుంటారు. కాదు. మాది యుద్ధం చేసే దళం కాదక్కా, ముందు వెళ్ళి దారి చూసే ఇంజనీర్ల దళం. సైన్యం ఏరు దాటాలంటే, ముందు ఈ బండి నీళ్ళలోకి దిగుతుంది. ఉక్కు ఒళ్ళు, కింద గొలుసు చక్రాలు, నేల మీద నడుస్తుంది, నీళ్ళ మీద తేలుతుంది. లోతు ఎంత, వడి ఎంత, అవతలి గట్టు గట్టిదా జారేదా, అన్నీ కొలిచి చెబుతుంది. అప్పుడు వంతెన వేస్తారు. ముందు డ్రైవరు, పైన కమాండరు, వెనక అరలో కొలతలు తీసేవాడు. వెనక సీటు గోవింద్‌ది. యంత్రం చెప్పకముందే నీళ్ళ రంగు చూసి లోతు చెప్పేసేవాడు. "ఏటి సావుకారూ, నీల్లు సూడ్డానికి మిసను కావాలేటి" అనేవాడు.

అచ్చంగా ఆ బండి బొమ్మ బజార్లో దొరకదు. అలాంటి ఒళ్ళున్న వేరే బండిది ప్లాస్టిక్ ముక్కల పెట్టె హైదరాబాదు నుంచి తెప్పిస్తున్నాను. మిగతావి షీటు కోసి నేనే చేస్తాను. అసలు దాంట్లో ముప్పై అయిదో వంతు, అమ్మ అడిగిన జానెడే. మా ఆవిడ రాధిక అప్పుడే మొదలుపెట్టింది, "మనకి పిల్లలు పుట్టకముందే బొమ్మలా" అని.

గోవింద్ ఫోటో ముందు పెట్టుకోవడానికే కదా? అయితే కింద టేకు పలక కూడా వేస్తాను.

ఒక్క మాట. ఆ రోజు గురించి నన్ను మళ్ళీ అడగొద్దని అమ్మకి చెప్పండి. అప్పుడు చెప్పిందే. వాడికి ఏమీ తెలియలేదు, నిద్రపోయినట్టు పోయాడు.

నగరేశ్వరరావు

*

రేవుపేట
2016 జనవరి

తమ్ముడూ,

నీ ఉత్తరం అమ్మకి చదివాను, చివరి మాటలు తప్ప. "ఇనప తెప్ప" అంది వినగానే. అప్పట్నుంచి మా ఇంట్లో దాని పేరు అదే.

ఫోటో ముందుకే. పలక అక్కర్లేదు, బరువెందుకు.

నువ్వు పని మొదలుపెట్టావన్న దగ్గర్నుంచి అమ్మ నీళ్ళలోకి దిగలేదు. ఒడ్డున కూర్చుంటోంది అంతే. మొన్న నా చేతి అన్నం మారు వడ్డించుకుంది. చూసి నాకు ఏడుపొచ్చింది, పొయ్యి పొగ అని చెప్పాను. నీ చేతులకి దండం.

ఇక్కడ విమానాల స్టేషను కడతారట. సర్వే వాళ్ళు వచ్చి తోటల్లో రోజూ మేకులు దిగేస్తున్నారు, ఊరంతా అదే గోల. అమ్మకి అదేం పట్టదు. ఆవిడ అడిగేవి వేరు. ఆడు కూకున్న కాడ కిటికీ ఉందా? నిలబడితే తల తగుల్తాదా? తలుపు ఎటుంది? లోపల్నుంచి తీసుకోవచ్చా? రోజూ ఇవే. కొంచెం రాయి, లేకపోతే నా ప్రాణం తోడేస్తోంది.

అక్క

*

రాజాం
2016 ఫిబ్రవరి

అక్కా,

బండి అయిపోవచ్చింది. గొలుసు చక్రాలు ఒక్కో లంకె విడివిడిగా అతకాలి. వేళ్ళకి జిగురు అంటుకుని బేరాలప్పుడు రసీదులు చేతికే అతుక్కుంటున్నాయి. ముందు నీళ్ళు ఎగదన్నకుండా నిలబడే రేకు ఉంటుంది, అది పెరుగు డబ్బా మూతతో చేశాను. గట్టు మీద జెండా కర్రలు దిగేసే గొట్టాలు ఇంజక్షన్ సూదులు. రంగు మా కొట్లోదే, మూడు డబ్బాలు కలిపితే గానీ ఆ మట్టి పచ్చ రాలేదు. రాధిక ఇప్పుడు నవ్వడం మానేసింది. నా పక్కన కూర్చుని చూసి, "ఇది చేస్తుంటే మీరు ఊపిరి తీసుకోరేమిటండీ" అంది.

అమ్మ అడిగినవాటికి. కిటికీ లేదు, చూసే చిన్న అద్దాలున్నాయి. నిలబడితే తల తగులుతుంది. తలుపులు వెనక రెండు. మూసే అతికించేశాను, పైన మూతలు కూడా. తెరిచి పెడితే లోపల బోలుగా కనిపిస్తుంది, బొమ్మలు చేసేవాళ్ళెవరైనా అలాగే చేస్తారు. చేతికి బరువు తెలియాలని లోపల ఇనప నట్లు అతికించాను. అతుకులన్నీ లప్పం పెట్టి నున్నగా తోమాను. ఎక్కడా సందు లేదు.

భోగాపురం వైపు మా పెయింట్ల వ్యాను వస్తుంది. డ్రైవరు జగన్నాధం చేతికి పాత చీరలో చుట్టి ఇస్తున్నాను.

నగరేశ్వరరావు

*

రేవుపేట
2016 మార్చి

తమ్ముడూ,

ఎంత బాగుందో చెప్పను. నేను ముందు దాన్ని చూసి భయపడ్డాను, అంత నిజంగా ఉంది. అమ్మ ఒళ్ళో పెట్టుకుని చంటిపిల్లాడి వీపు రాసినట్టు రాసింది. తర్వాత వెనక్కి తిప్పి గోరుతో తలుపు సందు వెతికింది. వెతికి వెతికి నా వైపు చూసింది. "తలుపు మూసేసినాడేటే సావుకారు బాబు? మరి ఆడెలగ ఎక్కుతాడు?"

నేను నీకు అబద్ధం చెప్పాను. ఫోటో ముందు పెట్టడానికి కాదు.

మా రేవులో ఒక పద్ధతి ఉంది. సముద్రంలో పోయి ఒళ్ళు దొరకనివాళ్ళకి జానెడు తెప్ప చేస్తాం. గుప్పెడు అన్నం, తమలపాకు, చుట్ట పెట్టి, ఇంటి ఆడది పేరు పెట్టి పిలిచి నీళ్ళలో వదులుతుంది. పోయినవాడు అది ఎక్కి తన దారిన పోతాడు. లేకపోతే ఇంటి చుట్టూ తిరుగుతూనే ఉంటాడంటారు. నాన్నకి అమ్మే వదిలింది. గోవింద్‌కి చెయ్యమంటే పెద్దలు ఒప్పుకోలేదు, "పెట్టె వచ్చినాది కదా, ఒల్లు దొరికినట్టే" అన్నారు. కానీ ఆ పెట్టె తెరవనివ్వలేదు కదా తమ్ముడూ. అమ్మ కొడుకు మొహం చూడలేదు. ఆవిడ లెక్కలో వాడు దొరకలేదు. ఈ మాట ముందే చెబితే, చదువుకున్నవాడివి, నవ్వుతావని చెప్పలేదు.

ఇప్పుడు వినాలి నువ్వు. బండి వచ్చిన మర్నాటి నుంచి మధ్యాహ్నం పూట ఇంట్లో చప్పుడు. బల్ల మీద బండి పెట్టిన మూల నుంచి. అమ్మ చెబితే సర్వే వాళ్ళ మేకులే అన్నాను. నిన్న నేనే విన్నాను. రెండు దెబ్బలు, ఆగి, ఒకటి. బయటికి పరిగెత్తి చూస్తే తోటలో ఒక్క మనిషి లేడు, నిన్న వాళ్ళు రానేలేదట. లోపలికి వచ్చాక మళ్ళీ. రెండు, ఆగి, ఒకటి.

అమ్మ మాత్రం భయపడలేదు. కళ్ళు మూసుకుని వింది. తర్వాత అన్న మాటకి నాకు నిన్నట్నుంచి ముద్ద దిగడం లేదు. "సర్కారోల్లు వేట ఆపేసేలోపు దీన్ని నీల్లలో ఒగ్గీయాల. తలుపు మూసున్నాది, ఆడు ఎక్కలేడు. నానే దీంతో పాటు లోతుకెల్లి తీస్తాను."

లోతుకి వెళ్ళి తీస్తుందట. అర్థమైందా? నీళ్ళలోకి దిగనని వేసిన ఒట్టు ఈ ఒక్కసారికి లెక్కలోకి రాదట. నువ్వు పంపింది అమ్మని కాపాడుతుందనుకున్నాను, అదే తీసుకుపోయేలా ఉంది. ఏం చెయ్యమంటావు?

అక్క

*

రాజాం
2016 మార్చి

అక్కా,

కంగారు పడకండి. లోపల నట్లు జిగురుతో అతికించానని రాశాను కదా. మీ రేవు ఎండకి జిగురు కరిగి, ఒకటి ఊడి ఉంటుంది. ప్లాస్టిక్ మధ్యాహ్నం వేడికి సాగుతుంది, అప్పుడు నట్టు దొర్లి తగులుతుంది. అంతే. దానికి

ఇక్కడి నుంచి ఇవాళ రాస్తున్నాను. నిన్న పై మాట దగ్గర కలం పెట్టేసి లేచిపోయాను.

రెండు, ఆగి, ఒకటి. మీరు రాసిన ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చదివాను. అక్కా, ఆ లెక్క మీకెవరూ చెప్పలేదు. చెప్పగలిగినవాణ్ణి నేనే, నేను రాధికకి కూడా చెప్పలేదు.

వాడు నిద్రపోయినట్టు పోలేదు.

అది ఉత్తరాదిన ఒక పెద్ద కాలువ. యుద్ధం కాదు, అభ్యాసం. బండి అవతలి గట్టు ఎక్కుతుండగా గట్టు జారిపోయింది. బండి వెనక్కి ఒరిగి మునిగింది. డ్రైవరు, కమాండరు పైమూతల్లోంచి బయటపడ్డారు. వెనక తలుపుల మీద నీళ్ళ బరువు, బురద బరువు. మేమంతా ఇవతలి గట్టు మీద ఉన్నాం. లోపల్నుంచి ఇనుము మీద చప్పుడు మొదలైంది. రెండు, ఆగి, ఒకటి. మళ్ళీ అదే. ఈత వచ్చినవాళ్ళు దిగారు, గట్టు ఇంకా విరిగి పడుతుంటే వెనక్కి రావాల్సి వచ్చింది. నాకు ఈత రాదు, అయినా దూకబోయాను. ఇద్దరు నన్ను నేలకి అదిమి పట్టుకున్నారు. చెవి నేలకి ఆనింది. అక్కడ ఇంకా బాగా వినిపించింది. పెద్ద యంత్రం వచ్చేసరికి చప్పుడు లేదు.

వాడు రండి రండి అని పిలుస్తూనే ఉన్నాడు, మేం వెళ్ళలేదు. అమ్మ మొహం చూసి ఈ మాట ఎలా చెప్పను? నోటికొచ్చిన అబద్ధం చెప్పాను. హార్డ్‌వేరు కొట్లో బేరానికొచ్చిన ప్రతివాడూ రేకు మీద సుత్తితో కొట్టి చూస్తాడు. నేను లేచి బయటికి పోతాను. అన్నం దగ్గర కూర్చున్నా ఆ గట్టు మీదే ఉంటాను. ఆ తలుపులు తెరిచి చెయ్యడం నా వల్ల కాలేదక్కా. బొమ్మలు చేసేవాళ్ళెవరైనా మూసే చేస్తారని రాశాను చూడండి, అది కూడా అబద్ధమే.

సన్నని బ్లేడు పెట్టి తలుపు అంచు వెంట గీస్తూ పోతే ఊడొస్తాయి. దయచేసి తీసేయండి. అమ్మని నీళ్ళ దగ్గరికి పోనివ్వకండి. ఈ ఉత్తరం ఆవిడకి చదవొద్దు.

నగరేశ్వరరావు

*

రేవుపేట
2016 ఏప్రిల్

తమ్ముడూ,

నీ ఉత్తరం సెంటరు వెనక గోడకి ఆనుకుని చదివాను. చేతికి దొరికితే నీ చెంప పగలగొట్టేదాన్ని. మా అమ్మ చేతులు పట్టుకుని ఎలా చెప్పావురా ఆ మాట? రెండేళ్ళు నేనూ అదే నమ్మి, కనీసం బాధ పడలేదులే అనుకుంటూ పడుకున్నాను. ఇప్పుడు అది కూడా లేదు.

కోపం దిగాక ఆ లెక్క గుర్తొచ్చింది. నాన్నతో ఒకే తెప్ప మీద వేటకి పోయిన నూకయ్య మావ ఉన్నాడు, ఇప్పుడు వలలు బాగుచేస్తూ కూర్చుంటాడు. ఏమీ చెప్పకుండా వాకిట్లో గెడకర్ర తీసి చెక్క మీద కొట్టాను. రెండు, ఆగి, ఒకటి. మావ చేతిలో వల వదిలేశాడు.

"ఎవులు కొట్టినారే అలగ?"

"ఏటి మావా అది?"

"అది మా తెప్పలోల్ల మాట. మసక్కి బయలెల్తాం కదా, ముందెల్లినోడి తెప్ప నీల్ల కింద ఇసక దిబ్బకి తగులుకుంటే, ఎనకొచ్చేవోల్లకి గెడతో కొట్టి సెప్తాడు. ఇటు రాకండి, నా ఎనక రాకండి, ఇక్కడ మంచిది కాదు అని. మీ గుంటడికి నానే నేర్పినాను."

"సాయం రండి అని కాదా?"

"సాయానికైతే ఆగకుండా బాదుతాం గదే. మద్దెలో ఆగితే రావద్దనే."

తమ్ముడూ, విన్నావా? వాడు మిమ్మల్ని పిలవలేదు. రావద్దన్నాడు. గట్టు కొలిచినవాడు వాడే కదా, అది ఇంకా విరుగుతుందని మీ అందరికన్నా వాడికే తెలుసు. చీకట్లో, నీళ్ళలో, వెనక వచ్చేవాళ్ళ కోసం కొడుతూ కూర్చున్నాడు. మీలో ఒక్కడికీ మా తెప్పల భాష రాదు, అంతే.

ఇంటికి వచ్చి అమ్మ ముందు కూర్చున్నాను. నువ్వు చదవొద్దన్న ఉత్తరం అక్షరం వదలకుండా చదివాను. ఇంక మా ఇంట్లో దాపరికాలు చాలు. అమ్మ ఏడవలేదు, కొంగు నోట్లో కుక్కుకుని వింది. "ఆ సప్పుడు అర్థం నీకు తెలుసా అమ్మా" అని అడిగాను.

"తెల్దేటి? మీ నాన్న పెల్లాన్ని."

"మరి చెప్పలేదేం?"

"సెప్తే నన్నెల్లనిస్తారేటి? ఆడు రావద్దంటన్నాడని నాకు ముందే తెల్సు. ఇనబుద్ధి కానేదు. కొడుకు రావద్దంటే అమ్మలు ఆగిపోతారేటే?"

చాలాసేపు బండి వైపు చూసింది. "ఆ మిలట్రీ గుంటలందర్నీ రావద్దన్నాడా?" అంది. అవునన్నాను. "ఆల్లు ఆగినారా?" ఆగారన్నాను. "మంచిపని సేసినారు" అంది. అప్పుడు ఏడ్చింది తమ్ముడూ. పెట్టె వచ్చిన రోజు కూడా అలా ఏడవలేదు.

బ్లేడుతో తలుపులు నేనే కోశాను. నట్లన్నీ గట్టిగా అతికే ఉన్నాయి, లాగినా రాలేదు. వేలు పెడితే లోపల తడి తగిలింది. మా రేవు గాలే అంత, ఉప్పు తేమ ఎక్కడికైనా పోతుంది అని నాకు నేను చెప్పుకున్నాను.

వేట ఆపేసే ముందు రోజు పొద్దున్నే ఒడ్డుకి వెళ్ళాం. వెనక అరలో నాలుగు మెతుకులు, చిదిమిన తమలపాకు, చుట్ట ముక్క పెట్టింది. వాడు సిగరెట్లు కాల్చేవాడని నాకు తెలుసు, అమ్మకి చెప్పలేదు. నేను చెంగు పట్టుకునే ఉన్నాను, నూకయ్య మావ అవతలి వైపు. నీళ్ళు పాదాలు దాటాక ఆగిపోయింది. మేం లాగలేదు, తనే ఆగింది. "గోయిందూ" అని పిలిచి వదిలింది. నీ బండి బాగానే తేలింది. రెండు అలలు దాటింది. మూడోదానికి వెనక తలుపుల్లోంచి నీళ్ళు పోయి మునిగింది. తలుపులు బార్లా తెరిచే మునిగింది, నేను చూశాను.

కింద అమ్మ మాటలు. చెబుతుంటే మార్చకుండా రాస్తున్నాను.

అక్క

"బాబూ సావుకారూ. అనూకి నీ మీద కోపం. నాకు నేదు. నిద్దరోయినట్టు పోనాడని నువ్వు సెప్పబట్టే ఆ రోజుల్లో నాలుగు మెతుకులు తిన్నాను. నాకు ఆ మాట అవసరమొచ్చినాది, వాడుకున్నాను. ఇప్పుడు నిజం సెప్పినావు, ఇదీ అవసరమే.

ఇంట్లో ఇప్పుడు సప్పుడు నేదు. సప్పుడు నేకపోతే కునుకు పట్టట్నేదు. మద్దేన్నం అయితే సెవులు ఆ మూలకే పోతన్నాయి. అలవాటైపోనాది కదా. ఉంటే భయం, నేకపోతే బెంగ. పోతాదిలే అంటన్నాది అనూ. పోకపోయినా పరవానేదు.

నీకొక్కటి సెప్తాను ఇను. ఆడు నన్ను రావద్దన్నాడు, కన్నతల్లిని, నానే ఆగినాను. నువ్వు ఆగితే తప్పేటి? ఆడు ఆగమంటే ఆగినావు, ఆడి మాట ఇన్నావు, అంతే. మరి ఇంకా ఆ గట్టు మీదే ఎందుకు నిల్సున్నావు? రెండేల్లయినాది బాబూ. దిగు. ఇంటికెల్లిపో. నీ పెల్లాం కూడెట్టుకుని సూస్తన్నాది."